బండి చూడని గుంత

వేములదిన్నె పురపాలక సంఘానికి పెద్దబండి వచ్చిన రోజు ఊళ్లో సగం మంది పనులు మానుకుని చూడటానికి వెళ్లారు. మిగతా సగం మంది దారి బాగాలేక వెళ్లలేకపోయారు.

ఆ దారుల కోసమే బండి కొన్నారు. కొత్త కమిషనరు చక్రధర్ గారు ఎక్కడో శిక్షణా తరగతులకు వెళ్లి, వస్తూ వస్తూ 'ప్రత్యక్ష దర్శన పాలన' అనే మాట పట్టుకొచ్చారు. అధికారి కుర్చీలో కూర్చుని అర్జీలు చదవటం పాత పద్ధతట. అధికారే కదిలి వెళ్లి లోపాన్ని కళ్లారా చూసి మంజూరు చేయటం కొత్త పద్ధతట. మనిషి కన్ను పొరపాటు పడొచ్చు కాబట్టి నాలుగు పక్కలా కెమెరాలున్న బండి కావాలన్నారు. మామూలు బండి ఈ ఊరి గుంతలకు తట్టుకోదు కాబట్టి ఖరీదైన బండే కావాలన్నారు. అలా వచ్చింది పెద్దబండి. దానికి చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగుల బదులు గాలి సంచులు. నెత్తిన తెరుచుకునే అద్దం. లోపల కూర్చుంటే బయట ఊరున్న సంగతే తెలియదు.

పూజ ఘనంగా చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారి గారు ఎదురుగా నిలబడి హారతి ఇస్తూ, "ఇక పోనివ్వండి" అన్నారు. డ్రైవరు మస్తాన్ పోనిచ్చాడు. బండి కీచుమని అరిచి, తనంతట తానే బ్రేకు వేసుకుని ఆగిపోయింది. ఇంకోసారి పోనిచ్చాడు. ఇంకోసారి అరిచింది.

"ముందు మనిషి ఉంటే కదలదు సార్. దాని గుణం అంతే" అన్నాడు మస్తాన్.

"చూశారా! ప్రజల పట్ల ఎంత బాధ్యతో!" అని కమిషనరు గారు పొంగిపోయారు. తన ముందు అంత పెద్ద వస్తువు ఆగిపోవటం పూజారి గారికి కూడా నచ్చింది. పక్కకు జరగటానికి కాస్త సమయం తీసుకున్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఇకపై పరిశీలనా వాహనం చూసిన గుంతను మాత్రమే గుంతగా పరిగణించాలి. తక్కినవి పుకార్ల కిందకు వస్తాయి.

ఆముదాల వీధిలో ఉండే వకుళ ఆ ఉత్తర్వు గురించి విని సంతోషించింది. ఆమె వీధి నడిమధ్యలో ఒక గుంత ఉంది. నీళ్ల గొట్టం బాగుచేయటానికి తవ్వారు. గొట్టం బాగుపడింది, గుంత మిగిలింది. దాన్ని ఏ బండి చూసినా గుంత కాదని అనలేదు.

వకుళ డిగ్రీ చదివి ఇల్లు చక్కబెట్టుకుంటున్న మనిషి. గొంతు పెంచదు గాని, శుభ్రం చేసిన బియ్యాన్ని కూడా ఇంకోసారి చూసుకుంటే తప్ప ఎసట్లో పొయ్యదు. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి వెళుతుంటాడు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారు తాయారమ్మ గారూ. ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి కొత్త తుంటి వేశారు. బస్టాండు దగ్గర ఆసుపత్రికి రోజు విడిచి రోజు తీసుకొచ్చి వ్యాయామం చేయించాలని, మానేస్తే కాలు బిగుసుకుపోయి ఇక మంచానికే పరిమితమవుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆసుపత్రి దూరమేం కాదు. ఆటో ఎక్కితే వెళ్లిపోవచ్చు. ఆటోయే వీధిలోకి రాదు.

"అందులో నా బండి దిగిద్దమ్మా, దిగటానికేం," అన్నాడు ఒక ఆటో అతను, "పైకి లాగటానికే ఇంకో బండి కావాల."

అందుకని తాయారమ్మ గారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఇరుగుపొరుగువాళ్లు వీధి మొదటిదాకా మోసుకెళ్లేవాళ్లు.

"కళ్లు తెరుచుకునుండంగానే నలుగురి మీద ఊరేగతన్నానే అమ్మాయ్," అనేది ఆవిడ. "దండొక్కటే తక్కువ."

మొదట్లో మోయటానికి పోటీపడి వచ్చారు. తర్వాత ఒకరికి నడుం పట్టింది. ఒకరికి డ్యూటీ మారింది. ఒకరు వకుళ గుమ్మంలో కనబడగానే ఫోను చెవిదగ్గర పెట్టుకోవటం మొదలుపెట్టారు. వ్యాయామం తప్పుతూ వచ్చింది. కాలు బిగుసుకోవటం మొదలైంది.

ఇంతలో పెద్దబండి తొలి పరిశీలనకు బయల్దేరింది. బజారు మలుపులో మొట్టమొదటి గుంత దగ్గరే టైరు చీలి, గాలి సంచి ఒకటి పగిలి, ఏనుగు మోకాలు వేసినట్టు ఓ పక్కకు ఒరిగి కూలబడింది. దాన్ని ఇంకో పెద్ద లారీ మీదకు ఎక్కించి నగరంలో కంపెనీ వర్క్‌షాపుకు పంపారు. వాళ్లు బాగుచేసి, "గుంతల్లో తిప్పకండి" అని సలహా చెప్పి పంపారు.

సలహాను సలహాగా వదిలేయటం ఆఫీసులకు చేతకాదు. మర్నాటికల్లా రెండో ఉత్తర్వు వచ్చింది: గుంతలున్న వీధుల్లోకి పరిశీలనా వాహనం వెళ్లరాదు. మొదటి ఉత్తర్వును ఎవరూ రద్దు చేయలేదు. రెండూ చక్కగా పక్కపక్కన అమలవుతున్నాయి.

వకుళ ఆఫీసుకు వెళ్లింది. రోడ్ల పని చూసే అసిస్టెంటు ఇంజనీరు దక్షిణామూర్తి ఆమెను మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"మీ గుంత విషయమై సంస్థకు పూర్తి సానుభూతి ఉందమ్మా," అన్నాడు. "కాని అది ఇంతవరకు సంస్థ దృష్టికి రాలేదు."

"మీరు రోజూ మా వీధిలోంచేగా సార్ వస్తారు? మొన్న స్కూటరు దిగి నడిపించుకుంటూ దాటటం నేనే చూశాను."

"దాటాను. చూశాను కూడా. కాని అది వ్యక్తిగతంగా చూడటం. సంస్థాగతంగా చూడలేదు."

"మరి సంస్థ చూడాలంటే?"

"వాహనం రావాలి."

"వాహనం రావాలంటే?"

"గుంత ఉండకూడదు."

"గుంత లేకపోతే వాహనం వచ్చి ఏం చూస్తుంది సార్?"

దక్షిణామూర్తి ఉత్తర్వు కాగితం తిరగేసి చూశాడు. "గుంత లేదని చూస్తుంది," అన్నాడు చివరికి. "అదీ ముఖ్యమే కదమ్మా."

వకుళ లేచింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే తాయారమ్మ గారు శ్రద్ధగా విని, "పిచ్చి మనకా వాళ్లకా, అది తేల్చుకునిరా ముందు," అంది.

తేల్చుకోవటానికి కమిషనరు గారినే కలవాలనుకుంది వకుళ. ఆఫీసుకెళితే ఆయన లేరన్నారు. హైవే మీద ఉన్నారన్నారు. క్యాంపా అంటే కాదు, బండికి ఒంట్లో బాగాలేదన్నారు.

జరిగిందేమిటంటే, గుంతలున్న వీధులన్నీ పోగా పెద్దబండి తిరగటానికి మిగిలింది ఆఫీసు గేటు నుంచి ఆఫీసు మెట్లదాకానే. అక్కడక్కడే తిప్పేసరికి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ పూడుకుపోయింది. లోపల హెచ్చరికగా పసుపు దీపం ఒకటి వెలిగింది. వర్క్‌షాపుకు ఫోను చేస్తే, డీజిలు బండిని ఇలా ఇంటి ముందు తిప్పితే అంతేనని, అప్పుడప్పుడూ హైవే మీద వేగంగా పరిగెత్తిస్తే ఆ వేడికి మసి కాలిపోతుందని చెప్పారు. అప్పుడప్పుడూ అంటే ఎప్పుడెప్పుడో వాళ్లు చెప్పలేదు. అనుమానం దేనికని ఆఫీసు రోజూ అని రాసుకుంది. హైవే ఆఫీసు గేటు బయటే ఉంది, దాని మీద గుంతల్లేవు. కమిషనరు గారు లేనిదే పరిశీలనా వాహనం కదలరాదని నియమం ఉంది కాబట్టి ఆయనా రోజూ హైవే మీదే ఉంటున్నారు. పరిపాలనా అక్కడే జరుగుతోంది.

వకుళ బస్సెక్కి టోల్‌గేటు దగ్గర దిగింది. అప్పటికే అక్కడ చెట్టు కింద అర్జీదారులు గుంపుగా ఉన్నారు. ఒక పెద్దాయన కొత్తవాళ్లకు పద్ధతి చెబుతున్నాడు. "ఇక్కడ మలుపు తిప్పేటప్పుడు కాస్త నిదానమవుద్ది. అప్పుడు పక్కనే పరిగెత్తాల. పరిగెడతానే మన బాధ చెప్పుకోవాల. సగం చెబితే మిగతా సగం రేపు."

వకుళ పరిగెత్తలేదు. బండి మలుపు తిరిగే చోట గొడుగు పట్టుకుని ఎదురుగా నిలబడింది. బండి కీచుమని అరిచి ఆగింది.

"ఎక్కండమ్మా, త్వరగా ఎక్కండి!" కమిషనరు గారు అద్దం దించి కేకేశారు. "ఆగితే మసి మళ్లీ పేరుకుంటుంది!"

వెనక సీట్లో ఆయన పక్కనా, ఒడినిండా ఫైళ్లు. వకుళ ముందు సీట్లో కూర్చుంది. మస్తాన్ వేగం పెంచాడు. ఆమె తన వీధి సంగతీ, అత్తగారి సంగతీ వివరంగా చెప్పింది.

"మీ ఆవేదన అర్థమైంది," అన్నారు కమిషనరు గారు ఒక ఫైలు మీద సంతకం చేస్తూ. చేతిరాత కాస్త వెనక్కి వాలింది. "కాని ఈ తరుణంలో సంస్థ యావత్తూ వాహన పునరుద్ధరణలో నిమగ్నమై ఉంది. దీనికి వేగమే వైద్యం."

"మా అత్తగారికి నడకే వైద్యం సార్."

"పోల్చకూడదమ్మా. దీనికి వారంటీ ఉంది. నిర్లక్ష్యం చేస్తే రద్దవుతుంది. మీ అత్తగారికి అటువంటి ఇబ్బంది లేదు కదా."

అంతలో వాన మొదలైంది. బయట చినుకులు పెద్దవయ్యేసరికి లోపల పైకప్పు అద్దం అంచు నుంచి ఒక ధార సన్నగా కమిషనరు గారి భుజం మీదకు దిగింది. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోకుండా పక్కనున్న గొడుగు తీసి విప్పుకున్నారు. ఫైళ్లు దాని కిందకు లాక్కున్నారు.

"బండి పెట్టే షెడ్డు పక్కన వేపచెట్టుందమ్మా," మస్తాన్ మెల్లగా చెప్పాడు. "ఆకులు రాలి బండి పైన నీళ్లుపొయ్యే గొట్టాలు పూడినయ్. అది కాదు అసలు కష్టం. షెడ్డుకి అటుపక్కే పాత కాయితాల గది. ఎలకలు ఆ కాయితాలు తినీ తినీ ఇసుగొచ్చి, బండిలో వైర్లు కొరుకుతన్నయ్. హారను కొడితే వైపరు కదులుద్ది."

కొట్టి చూపించాడు. కదిలింది.

"అనువైన వసతి కోసం ఉప సంఘాన్ని నియమించాం," గొడుగు కింద నుంచి కమిషనరు గారు అన్నారు. "పైన చెట్టుండరాదు. పక్కన కాగితముండరాదు. మూషిక సంచారం నిషిద్ధం. పట్టణమంతటా అటువంటి ఆవరణ ఒక్కటీ లేదని నివేదిక."

వకుళ వెనక్కి తిరిగింది. "మా వీధి చివర ఒకటుంది సార్," అంది.

తాయారమ్మ గారి భర్త బతికున్న రోజుల్లో పొగాకు వ్యాపారం చేసేవాడు. వాళ్లింటిని ఆనుకుని, వీధి చివర ఆయన కట్టించిన గోడౌను ఉంది. రాతిగోడలు, గచ్చు నేల, మీద రేకులు. బేళ్లు పోయి ఎన్నేళ్లైనా వాసన పోలేదు. ఆ ఘాటుకు ఎలకలు కాదుగదా, చుట్టాలు కూడా అటువైపు వచ్చేవాళ్లు కాదు.

"మీ మామ ప్రాణంగా కట్టుకున్నాడే దాన్ని," అంది తాయారమ్మ గారు. "పోయి పోయి బండికిస్తావా?"

"బండికి కాదత్తయ్యా. దారికి."

ఆవిడ కోడలి మొహంకేసి చూసి, "సరే, ఇయ్యి," అంది. "ఆయనుంటే బేరమాడేవోడు. నువ్వు నయం."

ఉప సంఘం తనిఖీకి వచ్చింది. వాహనం రాలేని వీధి కాబట్టి నడిచే వచ్చారు. షెడ్డు అనేది రోడ్డు కాదు గనక దాన్ని మామూలు కళ్లతో చూడొచ్చునని ముందే తేల్చుకున్నారు. ముందు నడుస్తున్న దక్షిణామూర్తి గోడౌను రేకుల కేసి తలెత్తి చూస్తూ గుంతలో మోకాలి లోతు దిగబడ్డాడు. వకుళ చెయ్యి అందించి పైకి లాగింది.

"ఇప్పుడైనా చూశారా సార్?"

"పడ్డానమ్మా," అన్నాడాయన ప్యాంటు పిండుకుంటూ. "చూడలేదు."

గోడౌను అందరికీ నచ్చింది. ఒక సభ్యుడు వాసన పీల్చి తుమ్మి, "మూషిక నిరోధక వాతావరణం సంతృప్తికరం," అన్నాడు. ఇంకొకాయన ఆకాశంకేసి చూసి చెట్టు లేదని ధ్రువీకరించాడు. తర్వాత అందరూ వెనక్కి తిరిగి వీధిని చూసి ఆగిపోయారు. బండి ఇక్కడికి రావాలంటే రోడ్డు వెయ్యాలి. రోడ్డు వెయ్యాలంటే బండి వచ్చి చూడాలి. తాము రాసిన నియమం తమకే అడ్డం పడేసరికి ఉప సంఘం మొట్టమొదటిసారి దాన్ని అన్యాయమనుకుంది.

వకుళ మజ్జిగ గ్లాసులు అందిస్తూ, ఏదో సందేహం వచ్చినదానిలా అడిగింది. "షెడ్డు ఎక్కడిదాకా అని అనుకుంటున్నారు సార్? ఇంటికి వరండా ఉన్నట్టు, షెడ్డుకీ ముందు భాగం ఉంటుంది కదా?"

దక్షిణామూర్తి గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది.

మర్నాడు తీర్మానం అయిపోయింది. ఆముదాల వీధి వీధి కాదు. పరిశీలనా వాహన విశ్రాంతి మందిరపు ముంగిలి. ఆ ముంగిలి ఆముదాల వీధి మొదలుకొని హైవేదాకా ఉంది. ముంగిలికి గచ్చు చేయటానికి ఎవరూ ఏమీ చూడనక్కర్లేదు.

ఊరు అంత చురుకైన పని ఎన్నడూ చూడలేదు. గుంతను పూడ్చారు, రోలరు తిప్పారు, సిమెంటు పరిచారు, గాలి సంచులకు ఇబ్బంది లేకుండా నున్నగా తీర్చారు. దక్షిణామూర్తి గ్లాసునిండా నీళ్లు రోడ్డు మీద పెట్టించి, రోలరు పక్కనుంచి వెళితే తొణుకుతాయో లేదో చూశాడు. పెద్దబండి వచ్చి గోడౌనులో చేరింది. వకుళ ఆ సాయంత్రమే ఆటోకు చెప్పింది.

ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది. అక్కడ కొత్తగా బోర్డు పాతారు: వాహన సంరక్షణ ప్రాంతం. ఇతర వాహనాలకు ప్రవేశం లేదు.

వకుళ బోర్డు దగ్గర నిలబడిపోయింది. ఆమెకు కోపం రావటం అరుదు. వస్తే మొహంలో తెలియదు, చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంది. అప్పుడు చాలాసేపు సర్దుకుంది. ఎన్నిటినో దాటుకుని వచ్చి, చివరికి ఒక రేకు ముక్క దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఇక కుర్చీ మోయమని ఎవర్ని అడుగుతుంది?

ఇంటికి వచ్చేసరికి తాయారమ్మ గారు కిటికీలోంచి వీధిని చూస్తోంది.

"ఆటో రానివ్వరట అత్తయ్యా."

"రాకపోతే పోనీలే. ఏందే ఇది, మన నడవకంటే నున్నగా ఉందే! వీళ్లమ్మ కడుపు చల్లగా, ఇంత బాగా చెయ్యటం వచ్చిందీళ్లకి, ఇన్నాళ్లూ దాచుకున్నారు. ఆ నాలుక్కాళ్ల కర్ర ఇట్టా తే."

మొదటిరోజు పక్కింటి గడపదాకా నడిచింది. వకుళ వెనకాలే చేతులు చాపుకుని నడిచింది. తర్వాత గుంత ఉండిన చోటుదాకా వెళ్లి, అక్కడ ఆగి, కర్రతో నేలను తట్టి చూసి వచ్చింది. ఆటోలు లేవు, మోటారుసైకిళ్లు లేవు, హారన్లు లేవు. ఊళ్లో అంత భద్రమైన నడక దారి ఇంకోటి లేదు. కొన్నాళ్లకు వీధి మొదట్లో బోర్డుదాకా తనే నడిచి వెళ్లి ఆటో ఎక్కసాగింది. డాక్టరు కాలు వంచి చూసి, "ఎవరమ్మా వ్యాయామం చేయించేది? బాగా చేయిస్తున్నారే," అన్నాడు.

"మునిసిపాలిటీవోళ్లు," అంది తాయారమ్మ గారు.

ఇలా ఉండగా వేములదిన్నెకు బహుమతి వచ్చింది. రెండో ఉత్తర్వు నాటి నుంచి పరిశీలనా వాహనపు కెమెరాలు తీసిన బొమ్మలన్నీ రాజధానిలో చూసి, వాటిలో ఒక్క గుంతా లేదని పైవాళ్లు అబ్బురపడ్డారు. గుంతల్లేని పట్టణంగా ప్రకటించారు. కమిషనరు గారు బహుమతి అందుకోవటానికి పొద్దున్నే కొత్త కోటు వేసుకుని గోడౌనుకు వచ్చారు. బండి బయటికి వచ్చింది. పదడుగులు వేసి, కీచుమని అరిచి ఆగింది.

ముందు తాయారమ్మ గారు. చేతికర్ర ఒక అడుగు ముందుకు, కాలు ఒక అడుగు ముందుకు. మస్తాన్ హారను కొట్టాడు. వైపరు కదిలింది.

కమిషనరు గారు తల బయటపెట్టారు. "అమ్మా, సభకు సమయం మించిపోతోంది. దయచేసి కొంచెం త్వరగా!"

తాయారమ్మ గారు ఆగింది. నెమ్మదిగా కర్ర తిప్పి, దాంతోపాటు తనూ తిరిగింది.

"నాకూ కొత్త స్పేరుపార్టే వేశారు నాయనా," అంది. "దుడుకు తిప్పొద్దన్నారు. తిప్పితే మళ్లీ మొదటికొచ్చుద్దంట. నీ బండికి తెలిసిందే, నీకు తెలియలేదే?"

వకుళ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పక్కకు రమ్మని అత్తగారిని పిలవొచ్చు. పిలవలేదు.

కమిషనరు గారికి వేరే దారి లేకపోయింది. దిగి, ఆవిడ పక్కనే నడిచారు. వెనకాల పెద్దబండి ఆవిడ అడుగుకు అడుగు వేస్తూ, ఆగుతూ, మూలుగుతూ వచ్చింది. వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆటో సిద్ధంగా ఉంది. ఎక్కబోతూ ఆవిడ కర్రతో అటువైపు చూపించింది. ఎదురుగా గానుగ వీధి మొదట్లో, ఒక గేదె సుఖంగా పడుకునేంత గుంత. అందులో ఒక గేదె సుఖంగా పడుకుని ఉంది.

"చూసుకుని నడువు నాయనా. అక్కడ గుంతుంది."

కమిషనరు గారు చాలాసేపు చూశారు. గుంతనీ, గేదెనీ, పైన తిరుగుతున్న దోమల్నీ చూశారు. ఆయన మొహంలో ఏదో మెత్తబడినట్టు కూడా కనిపించింది. తర్వాత కోటు సర్దుకున్నారు.

"చూశానమ్మా," అన్నారు. "వ్యక్తిగతంగా."

బండెక్కి బహుమతి కోసం వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం గానుగ వీధి నుంచి సుబ్బాయమ్మ వకుళను వెతుక్కుంటూ వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అడిగింది.

"వకుళమ్మా, మా ఇంటెనక గొడ్ల చావిడి ఖాళీగా ఉంది. మీద చెట్టు లేదు, లోపల కాయితం లేదు. వాళ్లు ఇంకో బండేమన్నా కొంటారేమో కొంచెం కనుక్కోరాదూ?"